ట్రెక్‌కు మెడిక్‌గా పిలిచారా? ఫీజు, పని షరతులు ఇలా మాట్లాడుకోండి

"విమానం టికెట్ మాది, టెంటు మాది, భోజనం మాది. మీకు ఒక్క పైసా ఖర్చు ఉండదు. బృందానికి డాక్టర్‌గా వస్తే చాలు." ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కో కిలిమంజారోకో బృందాలను తీసుకెళ్లే నిర్వాహకులు పంపే సందేశాల సారం దాదాపు ఇదే. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేస్తున్న మన డాక్టర్లు, నర్సులు, పారామెడిక్‌లలో కొండలంటే ప్రాణం పెట్టేవాళ్లకు ఇలాంటి పిలుపు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. బేరంలో మన బలహీనత ఆ ప్రేమే. అవతలివాళ్లకు ఆ సంగతి మనకంటే బాగా తెలుసు.

వెళ్లవద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఏం అడిగి, ఏం రాయించుకుని వెళ్లాలో చెప్పడానికి రాస్తున్నాను.

ఇందులో ఎవరు సంపాదిస్తున్నారో ముందు కనుక్కోండి

ఉచితంగా పనిచేయడంలో తప్పేమీ లేదు. ఎవరికి ఉచితంగా చేస్తున్నామన్నదే చూసుకోవాలి. నేపాల్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ 1973 నుంచి ఉంది. ఎవరెస్ట్ దారిలో ఫెరిచే దగ్గర, అన్నపూర్ణ వైపు మనాంగ్ దగ్గర ట్రెక్కింగ్ సీజన్లలో క్లినిక్‌లు నడుపుతుంది. దేశదేశాల నుంచి వైద్యులు అక్కడికి స్వచ్ఛందంగా వెళ్తారు. పోర్టర్లకు, ఊరివాళ్లకు వైద్యం చేస్తారు. దారిన పోయే ట్రెక్కర్లను మధ్యాహ్నం పూట కూర్చోబెట్టి, ఎత్తు వల్ల వచ్చే జబ్బు గురించి చెబుతారు. అలాంటి చోట జీతం అడగాలని ఎవరికీ తోచదు, అడగక్కర్లేదు కూడా.

ట్రావెల్ కంపెనీ సంగతి వేరు. ఒక్కో యాత్రికుడి దగ్గర వేల పౌండ్లు తీసుకుంటుంది, "బృందం వెంట డాక్టర్ ఉంటారు" అని ప్రకటనలో వేసుకుంటుంది. ఆ ఒక్క వాక్యం చూసి డబ్బు కట్టేవాళ్లు ఉంటారు. అంటే వాళ్లు అమ్ముతున్న వాటిలో మీ పని కూడా ఉంది.

చిక్కంతా ఛారిటీ ట్రెక్‌లతోనే. ఏదో ఆసుపత్రికో పరిశోధనకో విరాళాలు పోగుచేస్తూ నడిచే యాత్రలివి. ఫీజు మాట ఎత్తగానే "ఇది సేవ కదా డాక్టర్ గారూ" అంటారు. మొహమాటపడకుండా మూడు ప్రశ్నలు అడగండి. గైడ్ ఉచితంగా వస్తున్నాడా? హోటల్ ఉచితంగా ఇస్తున్నారా? ట్రెక్ నడిపే కంపెనీ తన లాభం వదులుకుందా? చాలాసార్లు విరాళం అందుకునే సంస్థ ఒకటి, యాత్ర నడిపే కంపెనీ మరొకటి. అందరికీ డబ్బు అంది, సేవ చేసే అదృష్టం మాత్రం మెడిక్‌కే దక్కుతుంటే దాన్ని సేవ అనడం కష్టం.

టీవీ చిత్రీకరణ బృందమైతే ఫీజు తగ్గించి చెప్పకండి. బడ్జెట్‌లో మెడిక్‌కంటూ ఒక పద్దు ఉంటుంది.

పనిని గంటల్లోకి మార్చండి

"ఉచిత యాత్ర" అన్న మాట వినగానే మనసు కొండల మీదికి పోతుంది. కాగితం తీసుకుని లెక్క వేయండి. పద్నాలుగు రోజుల ట్రెక్ అనుకుందాం. పొద్దున్నే టీ తాగేలోపు టెంట్ల దగ్గర ఎవరికి తలనొప్పి, ఎవరికి విరేచనాలు అని ఆరా తీయాలి. ఎవరు నడవగలరో లీడర్‌కు చెప్పాలి. దారిలో మీ నడక మీ ఇష్టం కాదు. వెనకబడిన మనిషి పక్కన నడవాలి. క్యాంపు చేరాక అందరూ బూట్లు విప్పి పడుకుంటే మీరు బొబ్బలకు కట్లు కట్టాలి, ఆక్సిజన్ శాతం చూసి రాసుకోవాలి. రాత్రి భోజనం దగ్గర "చిన్న అనుమానం డాక్టర్" అంటూ మొదలయ్యే సంభాషణలకు అంతుండదు.

తక్కువలో తక్కువ రోజుకు పది గంటలు వేసుకోండి. మొత్తం 140 గంటలు. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు నిండినవారికి చట్టప్రకారం కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లుగా ఉండేది. ఆ లెక్కన 1,709 పౌండ్లు. కాఫీ దుకాణంలో కప్పులు కడిగేవారికి చట్టం అప్పుడు హామీ ఇచ్చిన రేటు ఇది. విదేశంలో స్వతంత్రంగా చేసే పనికి ఆ చట్టం నేరుగా వర్తిస్తుందని నేను అనడం లేదు. కొలబద్దగా మాత్రం పనికొస్తుంది. ఇందులో రాత్రి లేచిన గంటలు లేవు. వెళ్లేముందు యాత్రికుల ఆరోగ్య ఫారాలు చదివి, గుండె జబ్బు ఉన్నాయనకు ఫోన్ చేసి మాట్లాడిన సాయంత్రాలు లేవు. కిట్ సర్దిన పూట, తిరిగొచ్చాక నివేదిక రాసిన పూట కూడా లేవు. వాటికీ గంటలు వేయండి. మీరు వదులుకుంటున్న వార్షిక సెలవు, లోకమ్ షిఫ్టులు (మరొకరి బదులు తాత్కాలికంగా చేసే డ్యూటీలు) పక్కన మరో వరుసలో రాయండి.

ఇప్పుడు వాళ్లు "మా ట్రెక్ విలువే రెండున్నర వేల పౌండ్లు, అదంతా మీకు ఉచితం" అంటే ఏమనాలో మీకు తెలుస్తుంది. బస్సు నడిపే డ్రైవర్‌కు టికెట్ కొట్టలేదు కాబట్టి జీతం ఇవ్వక్కర్లేదని ఎవరూ అనరు.

యాత్ర ప్రణాళిక కూడా పని షరతే

దీన్ని చాలామంది పట్టించుకోరు. ఏ రోజు ఎంత ఎత్తులో పడుకుంటారన్న పట్టిక తెప్పించుకుని చూడండి. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలి. పర్వత వైద్యంలో అందరూ ఒప్పుకునే సూత్రమిది. కిలిమంజారో మీద మరంగు దారిలో గబగబా ఎక్కితే రాత్రి మజిలీలు సుమారుగా 2,700, 3,700, 4,700 మీటర్ల దగ్గర పడతాయి. ఆ చివరి మజిలీ నుంచి అర్ధరాత్రి లేచి 5,895 మీటర్ల శిఖరానికి బయలుదేరతారు. రోజు తగ్గితే కంపెనీకి ఖర్చు తగ్గుతుంది. మీకు రాత్రి నిద్ర తగ్గుతుంది, జబ్బుపడేవాళ్లు పెరుగుతారు. ఒక రోజు పెంచమని అడగండి. పెంచకపోతే ఫీజు పెంచండి అని కూడా అనవచ్చు కానీ, నన్నడిగితే అలాంటి పట్టికకు ఏ ఫీజుకూ ఒప్పుకోకూడదు.

నిర్వాహకులు బ్రిటన్‌వాళ్లయితే బీఎస్ 8848 ప్రమాణాన్ని పాటిస్తున్నారా అని అడగండి. విదేశీ సాహస యాత్రలు నడిపేవారి కోసం అక్కడ తయారైన ప్రమాణమిది. ఎవరెస్ట్ ఎత్తునే దానికి సంఖ్యగా పెట్టారు. ప్రమాదాల అంచనా, అత్యవసర ప్రణాళిక కాగితం మీద ఉండాలని అది కోరుతుంది. ఆ పేరే వినలేదని చెప్పే కంపెనీ గురించి మీకు చాలా తెలిసిపోతుంది.

ఇండెమ్నిటీ, రిజిస్ట్రేషన్, వీసా: ఈ మూడూ తేలకుండా మాటివ్వకండి

ఇండెమ్నిటీ అంటే రోగి దావా వేస్తే ఆ ఖర్చు భరించే రక్షణ. ఎన్‌హెచ్‌ఎస్ ఇచ్చే రక్షణ ఎన్‌హెచ్‌ఎస్ పనికే. కొండ మీద అది మీ వెంట రాదు. వైద్యులకు ఈ రక్షణ ఇచ్చే ఎండీయూ, ఎంపీఎస్, ఎండీడీయూఎస్ లాంటి సంస్థల్లో మీకు ఎందులో సభ్యత్వం ఉందో వాళ్లకు ఫోన్ చేసి దేశం, ఎత్తు, రోజులు, బృంద సంఖ్య, పిల్లలున్నారా, అమెరికా పౌరులున్నారా అన్న వివరాలన్నీ చెప్పండి. అమెరికన్లు ఉంటే దావాల భయంతో రక్షణ నిబంధనలు మారుతుంటాయి. జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. "ఉచితంగానే వెళ్తున్నాను, ఏదైనా జరిగితే మంచి మనసుతో చేసిన సాయం కిందికి వస్తుంది" అని ధైర్యపడకండి. దారిన పోతూ సాయపడటం వేరు, మెడిక్ అని పేరు పెట్టించుకుని వెళ్లడం వేరు. బాధ్యత ఆ పేరుతోనే వస్తుంది, ఫీజు తీసుకోకపోయినా వస్తుంది. అదనపు ప్రీమియం పడితే నిర్వాహకులు కట్టాలి.

వెళ్లే దేశంలో వైద్యం చేయడానికి అక్కడి మెడికల్ కౌన్సిల్ అనుమతి కావాలా అన్నది వాళ్లనే కనుక్కోమనండి. నేపాల్‌లో విదేశీ వైద్యులకు తాత్కాలిక రిజిస్ట్రేషన్ పద్ధతి ఉంది. ఆ ఖర్చు, ఆ కాగితాల తిరుగుడు మీ మీద పడకూడదు.

వీసా సంగతి మనవాళ్లకు మరీ ముఖ్యం. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవారికి స్పాన్సర్ చేసిన ఉద్యోగం బయట చేసే పని మీద ఆంక్షలు ఉన్నాయి. చాలా కంపెనీలు మాత్రం మెడిక్‌ను ఉద్యోగిగా కాక, ఇన్‌వాయిస్ పంపే స్వతంత్ర వ్యక్తిగా చూస్తాయి. ఇద్దరికీ తేలికగా కనిపించే ఆ దారి మీ వీసాకు ముప్పు తేవచ్చు. పంపాల్సిన ఇన్‌వాయిస్ గురించి ఇమిగ్రేషన్ న్యాయవాదితో, ఆసుపత్రి హెచ్‌ఆర్ విభాగంతో ముందే మాట్లాడండి. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్నవారికి ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది. స్పాన్సర్ చేసిన చోట తప్ప మరొకరి దగ్గర పనిచేయకూడదు.

ఫీజు ఇలా అడగండి

ఫోన్‌లో వద్దు. ఫోన్‌లో మనం మెత్తబడతాం. ఈమెయిల్‌లో ఇలా రాయండి:

"ఆహ్వానానికి ధన్యవాదాలు. ప్రణాళిక, బృంద సంఖ్య చూశాను. ఆరోగ్య ఫారాల పరిశీలన, మందుల కిట్ తనిఖీ, 14 రోజుల విధి, తిరిగొచ్చాక నివేదిక కలిపి నా ఫీజు ఇంత. విమానం, వసతి, వీసా, టీకాలు, ఇన్సూరెన్స్, ఇండెమ్నిటీ అదనపు ప్రీమియం దీనికి వేరుగా మీరు భరించాలి. జత చేసిన షరతులు ఒప్పందంలో ఉండాలి. ఫలానా తేదీలోగా తెలపగలరు."

అంతే. హిమాలయాలు చూడాలన్నది చిన్ననాటి కల అన్న వాక్యం ఇందులో లేదు, గమనించండి. క్షమాపణలు కూడా లేవు.

"బడ్జెట్ లేదు" అనే జవాబు రావచ్చు. మీకు నిజంగా వెళ్లాలని ఉంటే డబ్బు కాకుండా పని తగ్గించమనండి. రెండో మెడిక్‌ను పెట్టమనండి. లీడర్ పని కూడా మీ నెత్తిన వేయకుండా చూడండి. ఒక్క మనిషే లీడర్, మెడిక్ అయితే రోగిని కిందికి దింపే సమయంలో బృందానికి ఇద్దరూ లేనట్టే. ట్రెక్ ముగిశాక విమానం తేదీ మార్చుకునే వీలు, పర్వత వైద్యం డిప్లొమా కోర్సు ఫీజులో వాటా వంటివి కూడా అడగదగినవే. "తర్వాతి ట్రెక్‌కు తప్పకుండా ఇస్తాం" అన్న మాట మాత్రం లెక్కలో వేయకండి.

లోబుచేలో రాత్రి రెండు గంటలకు ఏం జరుగుతుందో ఒప్పందంలో ఉండాలి

ఎవరెస్ట్ దారిలో లోబుచే 4,940 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పదహారు మంది బృందం, ఒక్కరే మెడిక్. రాత్రి రెండింటికి ఎవరో తలుపు కొడతారు: పక్క మంచం మీది ఆయన తికమకగా మాట్లాడుతున్నాడు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. హెడ్‌ల్యాంప్ వెలుగులో మడమకు కాలివేలు ఆనిస్తూ గీత మీద నడవమని మీరంటారు. మూడో అడుగుకే పక్కకు ఒరిగిపోతాడు. ఎత్తు వల్ల వచ్చిన మెదడు వాపు. ఆ వాపు తగ్గించే డెక్సామెథసోన్ ఇస్తారు, ఆక్సిజన్ పెడతారు, కిందికి దింపాలి. హెలికాప్టర్ తెల్లవారే దాకా రాదు, మబ్బుంటే తెల్లవారినా రాదు.

ఇక ప్రశ్నలు మొదలవుతాయి. దింపాలన్న నిర్ణయం మీదా, లీడర్‌దా? రోగితో మీరు ఫెరిచే దాకా దిగితే మిగతా పదిహేను మంది పొద్దున్న గొరక్ షెప్‌కు, ఇంకా పైకి, మెడిక్ లేకుండా వెళ్తారా? లీడర్ ఫోన్‌లో "కాసేపు ఆగి చూద్దాం" అంటే ఎవరి మాట చెల్లుతుంది? మీరు రోగితో కఠ్మాండు వెళ్లాల్సి వస్తే హోటల్, తిరుగు విమానం ఎవరి ఖర్చు? ఆ రోజుల ఫీజు కోస్తారా?

వీటన్నిటికీ జవాబులు లండన్‌లో, మెదడుకు సరిపడా ఆక్సిజన్ ఉన్నప్పుడు రాసుకోవాలి. వైద్య కారణాల మీద యాత్రికుడిని ఆపడం, దింపడం, బృందాన్ని నిలపడం విషయంలో మెడిక్‌దే తుది మాట అన్న వాక్యం తప్పనిసరి. ఆ ఒక్క వాక్యం కోసం ఫీజులో కొంత వదులుకున్నా నష్టం లేదు. అది లేకుండా ఎక్కువ ఫీజు ఇచ్చినా నేనైతే వెళ్లను. వెళ్లేముందే ఫారం చదివి ఫలానావారు రాకూడదని చెప్పే అధికారం కూడా అందులోకే వస్తుంది. టికెట్ డబ్బు వాపసు ఇవ్వాల్సి వస్తుందని కంపెనీ గునుస్తుంది. గునవనివ్వండి.

ఇంకా ఉండాల్సినవి: శాటిలైట్ ఫోన్, దానిలో డబ్బు. సలహాకు ఇరవై నాలుగు గంటలూ అందుబాటులో ఉండే సీనియర్ వైద్యుడి నంబరు. మీకు సొంత టెంటు లేదా గది. రోగితో ఏకాంతంగా మాట్లాడటానికి చోటు లేకపోతే గోప్యత అన్నది ఒట్టి మాట. మీరే జబ్బుపడితే ఎవరు చూస్తారు, ఎవరు దింపుతారు అన్నది. మీకు విడిగా ఇన్సూరెన్స్. పర్యాటకుల పాలసీలు చాలావరకు జీతానికి చేసే పనిని ఒప్పుకోవు, ఎత్తుకూ పరిమితి పెడతాయి. కాబట్టి పాలసీ పత్రంలో మీటర్ల అంకె మీ కళ్లతో చూడండి. బ్రిటన్ చట్టం రోజుకు వరుసగా 11 గంటల విశ్రాంతి అంటుంది. కొండ మీద అది కుదరదని మనకూ తెలుసు, అందుకే దిగాక ఫీజుతో కూడిన ఒక విశ్రాంతి రోజు అడగండి.

హెలికాప్టర్ గురించి ఒక హెచ్చరిక. అవసరం లేకపోయినా ట్రెక్కర్లను హెలికాప్టర్‌లో దింపి ఇన్సూరెన్స్ డబ్బు కాజేస్తున్నారన్న గొడవ 2018లో నేపాల్‌లో పెద్దదై, ప్రభుత్వమే విచారణ జరిపింది. అలాంటి కాగితాలకు డాక్టర్ సంతకం విలువైనది. మీరు చూడని రోగి గురించి సంతకం పెట్టకండి. ఎన్ని తరలింపులు జరిగాయన్న దానితో మీ రాబడికి ఏ సంబంధమూ ఉండకూడదు.

పోర్టర్లు మీ రోగులా, కాదా?

ఒప్పందంలో "బృంద సభ్యులు" అని రాసి వదిలేస్తే డబ్బు కట్టినవాళ్లే బృందం అవుతారు. సామాను మోసేవాడికి ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఎవరు చూడాలి, ఎవరు మోసుకెళ్లాలి, ఖర్చెవరిది? పోర్టర్ల రక్షణ కోసం అంతర్జాతీయ బృందం ఒకటి 1997లోనే ఏర్పడింది. కిలిమంజారోలో ఇలాంటి పనే చేసే సంస్థ ఉంది, అక్కడి పార్కు నిబంధన ప్రకారం పోర్టర్ మోసే బరువు 20 కిలోలు దాటకూడదు. "గైడ్లు, వంటవాళ్లు, పోర్టర్లతో సహా" అన్న మాట చేర్పించండి. అప్పుడు పదహారు మంది కాస్తా నలభై మంది అవుతారు. మందుల లెక్క, మీ ఫీజు లెక్క కూడా దాన్ని బట్టే వేయాలి. పోర్టర్లకు తక్కువిచ్చి మిగిల్చిన డబ్బుతో మెడిక్‌కు ఎక్కువిచ్చే కంపెనీ ఉంటే దాని నుంచి తీసుకోవడం మీ మనసుకు వదిలేస్తున్నాను.

మందుల సంచి

కిట్ కంపెనీది కావాలి, జాబితా మీది కావాలి. బయలుదేరే ముందు రోజు కాకుండా కనీసం మూడు వారాల ముందు తెరిచి గడువు తేదీలు చూడండి. ఆక్సిజన్ సిలిండర్ గేజ్ ముల్లు చూడండి. సిలిండర్ ఉందనగానే అందులో ఆక్సిజన్ ఉందని అర్థం కాదు. మార్ఫిన్, కెటమిన్, ట్రమడాల్, డయజెపామ్ లాంటి నియంత్రిత మందులైతే బయలుదేరే దేశం నుంచి, దిగే దేశం నుంచి అనుమతి కాగితాలు కంపెనీయే తేవాలి. కస్టమ్స్ దగ్గర నిలబడేది మీరు, సూట్‌కేస్ మీద ఉండేది మీ పేరు. కాగితం లేకపోతే ఆ మందు లేకుండానే వెళ్లండి లేదా అసలు వెళ్లకండి.

హైదరాబాద్, విజయవాడ నుంచి వెళ్లేవారికి

లద్దాఖ్, ఉత్తరాఖండ్, హిమాచల్ ట్రెక్‌లకు ఇక్కడి నుంచీ బృందాలు వెళ్తున్నాయి, డాక్టర్ స్నేహితుడిని "ఊరికే తోడు రా" అని పిలవడం మామూలే. తోడుగా వెళ్తే తోడుగానే వెళ్లండి. ప్రకటనలో మీ పేరు, డిగ్రీ వేయనివ్వకండి. వేస్తే మాత్రం పైన చెప్పినవన్నీ మీకూ వర్తిస్తాయి. మీ ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ ఆసుపత్రి బయట పనిని ఒప్పుకుంటుందో లేదో చూడండి. డబ్బు తీసుకుని ఇచ్చే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ప్యాకేజీలో వైద్యం కలిపి అమ్మితే "నాకు రూపాయి ముట్టలేదు" అన్న మీ వాదన మీద ఆశ పెట్టుకోవద్దు. ఢిల్లీ నుంచి విమానంలో నేరుగా 3,500 మీటర్ల లేహ్‌లో దిగే బృందమైతే మొదటి రెండు రోజులే మీకు అసలు పని. అమర్‌నాథ్ యాత్రకు ప్రభుత్వ డిప్యుటేషన్ మీద వెళ్లేవారికి ఉత్తర్వు, భత్యాలు ఉంటాయి; ప్రైవేటు బృందంతో వెళ్తే అవి మీరే రాయించుకోవాలి.

డబ్బు చేతికి వచ్చేదాకా

సగం బయలుదేరే ముందు, మిగతా సగం తిరిగొచ్చిన 30 రోజుల్లోగా అని రాయండి. యాత్ర రద్దయితే ఎంత ఇస్తారో కూడా ఉండాలి. మీరు సెలవు పెట్టేసి ఉంటారు, లోకమ్ వదిలేసి ఉంటారు. భారత్‌లో ఫీజు మీద 10 శాతం టీడీఎస్ కోస్తే సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. బ్రిటన్‌లో పన్ను రిటర్నులో చూపండి. వార్షిక అప్రైజల్‌లో కూడా ఈ పని రాయాలి. మీరు చేసే వైద్యమంతా అందులో కనిపించాలన్నది బ్రిటన్ మెడికల్ కౌన్సిల్ (జీఎంసీ) నియమం. అందుకే రోగుల రికార్డులు ఎవరి దగ్గర, ఎంతకాలం ఉంటాయన్నది కూడా ఒప్పందంలో తేల్చుకోండి, ఒక ప్రతి మీకు అందేలా చూడండి.

ఇంగ్లండ్‌లో గడువు దాటినా డబ్బు రాకపోతే గుర్తుచేస్తూ ఒక మర్యాద లేఖ, తర్వాత తేదీ పెట్టి మరో లేఖ పంపండి. వ్యాపార బాకీల ఆలస్యంపై 1998లో వచ్చిన చట్టం ప్రకారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటుకు 8 శాతం కలిపి వడ్డీ అడగవచ్చు. రెండో లేఖలో ఆ మాట ఉంటే చాలామంది కదులుతారు. కదలకపోతే 10,000 పౌండ్ల లోపు బాకీలకు స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది, న్యాయవాది లేకుండానే ఆన్‌లైన్‌లో దావా వేయవచ్చు. ఒప్పందం, ఈమెయిళ్లు, రోజువారీ గంటలు రాసుకున్న పుస్తకం జత చేయండి.